చిన్న విమానం మన ఊరి దాకా వస్తుందా?

కువైట్‌లో మనవాళ్లను ‘మీ ఊరు ఎంత దూరం?’ అని అడిగి చూడండి. కిలోమీటర్లు ఎవరూ చెప్పరు. ‘చెన్నైలో దిగితే ఐదు గంటలు, హైదరాబాద్‌లో దిగితే ఒక రాత్రి’ అంటారు. సముద్రం దాటడాన్ని లెక్కలోకే తీసుకోరు. టికెట్ కొన్నాక అది విమానం వాళ్ల పని. దిగిన తర్వాతిదే మన పని.

నాది రాజంపేట దగ్గర ఒక పల్లె. షువైఖ్‌లో ఓ కంపెనీ స్టోర్స్‌లో పదిహేడేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. శుక్రవారం వచ్చిందంటే ఫర్వానియాలోని మా రూముకు టికెట్లు చూసిపెట్టమని నలుగురైదుగురు వస్తారు. ఇళ్లలో పనిచేసే అక్కలు, హౌస్ డ్రైవర్లు, బకాలాలో పనిచేసే పిల్లలు. అందరి ఫోన్లలోనూ యాప్ ఉంది. కానీ డబ్బు కట్టే దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే పాస్‌పోర్టుతో కలవదేమోనని భయం. వాళ్లు మొదట అడిగేది ధర కాదు. ‘అన్నా, కడపకు గానీ తిరుపతికి గానీ నేరుగా ఏమన్నా వచ్చిందా?’ అని.

‘లేదక్కా’ అని చెప్పీ చెప్పీ, అసలు ఎందుకు లేదు, ఎప్పటికైనా వస్తుందా అని నేనే వెతకడం మొదలుపెట్టాను. వెతుకుతూ పోతే ఆ దారి చివరికి ఒక్క సంగతి దగ్గర ఆగింది. చౌక విమాన సంస్థలు చిన్న విమానాలు కొంటాయా, కొనవా?

చౌక విమానం ఎందుకు చౌక అంటే తిండి పెట్టరు, సామానుకు వేరే డబ్బు గుంజుతారు అని చెబుతాం. అది మన కంటికి కనిపించే సగం. కనిపించని సగం ఏమిటంటే, వాళ్ల దగ్గర ఒకే రకం విమానం ఉంటుంది. ఏ పైలట్‌నైనా ఏ విమానమైనా ఎక్కించవచ్చు. మెకానిక్కులందరికీ ఒకే శిక్షణ. గోడౌన్‌లో ఒకే రకం విడిభాగాలు. స్టోర్స్ మనిషిని కాబట్టి ఈ మూడోది నాకు బాగా తెలుసు. మా దగ్గర రెండు కంపెనీల ఫోర్క్‌లిఫ్టులు ఉన్నాయి. వాటికోసం ఫిల్టర్లు, బెల్టులు, బేరింగులు అన్నీ రెండేసి రకాలు అరల్లో పెట్టుకుని కూర్చోవాలి. ఎప్పుడు ఏది పోతుందో తెలియదు. ఫోర్క్‌లిఫ్టుకే ఇంత ఉంటే విమానం సంగతి చెప్పాలా?

అమెరికాలో 1971లో ఎగరడం మొదలుపెట్టిన సౌత్‌వెస్ట్ సంస్థ బోయింగ్ 737 ఒక్కదాన్నే నమ్ముకుని పెరిగింది. 2011లో ఎయిర్‌ట్రాన్ అనే సంస్థను కొన్నప్పుడు దాంతోపాటు 88 చిన్న బోయింగ్ 717లు చేతికొస్తే, వాటిని ఉంచుకోకుండా డెల్టాకు లీజుకు ఇచ్చేసింది. మన కువైట్ చౌక సంస్థ జజీరా ఎయిర్‌వేస్‌ది కూడా అదే బాట. 2005 అక్టోబరులో మొదలైంది, ఎయిర్‌బస్ ఏ320 కుటుంబం తప్ప మరోవైపు చూడలేదు. ఆ సంస్థ హైదరాబాద్‌కు ఎగరడం మొదలుపెట్టింది 2017 నవంబరులో. ఆ రోజుల్లో మాలియా సెంటర్‌లో ఏ హోటల్లో కూర్చున్నా అదే మాట.

మరి ఈ సూత్రాన్ని దాటినవాళ్లు లేరా? ఉన్నారు. న్యూయార్క్‌లో పుట్టిన జెట్‌బ్లూ చౌక సంస్థల్లో పెద్ద పేరు. 156 సీట్ల ఏ320లు మాత్రమే నడిపేది. 2003 జూన్‌లో ఒక్కసారిగా బ్రెజిల్ కంపెనీ ఎంబ్రాయర్ దగ్గర 100 సీట్ల ఈ190 విమానాలు వంద కొంటామని ప్రకటించింది. అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. జెట్‌బ్లూ లెక్క వేరు. పెద్ద ఊళ్ల మధ్య అందరూ ఎగురుతున్నారు, ధరలు కోసుకుంటున్నారు. 156 మంది దొరకని మధ్యరకం ఊళ్లు బోలెడున్నాయి. అక్కడ వంద మంది దొరుకుతారు.

దీన్ని అర్థం చేసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మన రాయచోటి వైపు పల్లెరోడ్డు మీద నిలబడితే చాలు. యాభై మంది పట్టే బస్సులో పదిహేను మంది ఎక్కితే డీజిల్ ఖర్చు కూడా రాదు. అదే దారిలో పది మంది పట్టే జీపు నిండా మనుషుల్ని కుక్కుకుని రోజుకు నాలుగు ట్రిప్పులు తిరుగుతుంది. తలకు పడే ఖర్చు చూస్తే బస్సే చౌక. కానీ ట్రిప్పుకు పడే ఖర్చు జీపుకే తక్కువ. విమానం కూడా ఇంతే. సీటు ఖర్చులో పెద్దది గెలుస్తుంది, ట్రిప్పు ఖర్చులో చిన్నది గెలుస్తుంది. నిండుతుందన్న నమ్మకం లేని చోట ట్రిప్పు ఖర్చే నిర్ణయిస్తుంది.

అయితే జెట్‌బ్లూ కథ అంత సాఫీగా సాగలేదు. పాత ఈ190ల ఇంజిన్ల మరమ్మతు ఖర్చు పెరిగింది. 2018 జులైలో ఎయిర్‌బస్ వారి చిన్న జెట్ ఏ220లను 60 ఆర్డర్ చేసి, ఈ190లను మెల్లగా తప్పించింది. 2025లో ఆఖరిది కూడా సేవలోంచి వెళ్లిపోయింది. అయినా ఇరవై ఏళ్లు నడిచాయి. చిన్న విమానం ఆలోచనను వాళ్లు వదులుకోలేదు, విమానాన్ని మార్చుకున్నారు.

ఇటీవలి ఉదాహరణ సింగపూర్ స్కూట్. విశాఖ వాళ్లకు ఈ పేరు కొత్త కాదు, 2019 నుంచి విశాఖ–సింగపూర్ విమానం నడుపుతున్నది అదే. ఏ320లు, పెద్ద బోయింగ్ 787లు ఉన్న ఈ సంస్థ 2023 ఫిబ్రవరిలో తొమ్మిది ఎంబ్రాయర్ ఈ190-ఈ2లు తీసుకుంటామని చెప్పింది. 2024 మేలో 112 సీట్ల ఆ విమానాలు థాయ్‌లాండ్‌లోని క్రాబీ, హాట్ యాయ్, కో సముయ్ వంటి ఊళ్లకు మొదలయ్యాయి. కో సముయ్ ఒక చిన్న ద్వీపం, రన్‌వే పొట్టి. అటువైపు రెండు, ఇటువైపు రెండు సీట్లు. మధ్య సీటే లేదు. మధ్య సీటులో ఐదు గంటలు మోచేతులు ముడుచుకుని కూర్చున్నవాళ్లకు ఆ సుఖం ఏమిటో చెప్పక్కర్లేదు.

ఇక కువైట్ సంగతి. ఇక్కడా ఒకసారి చిన్న జెట్ కథ మొదలైంది. వతనియా ఎయిర్‌వేస్ గుర్తుందా? 2009లో ఖరీదైన సంస్థగా మొదలై 2011లో మూతపడింది. 2017లో మళ్లీ లేచింది. 2018 జులైలో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన ప్రదర్శనలో పది ఎంబ్రాయర్ ఈ195-ఈ2లకు ఆర్డర్ పెట్టింది, మరో పదింటికి హక్కు ఉంచుకుంది. జాబితా ధర ప్రకారం మొత్తం 130 కోట్ల డాలర్లు. ఇది అచ్చమైన చౌక సంస్థ కాదు గానీ, కువైట్ నుంచి అంత చిన్న జెట్లను నడపాలని గట్టిగా అనుకున్నది అదే. తీరా ఆ వేసవిలోనే ఆలస్యాలు, రద్దులు మొదలయ్యాయి. సెప్టెంబరుకల్లా కువైట్ పౌర విమానయాన శాఖ దాన్ని ఆపేసింది. కొత్త విమానం ఒక్కటీ రాకముందే కథ ముగిసింది. చిన్న విమానం తప్పేమీ లేదు. ఇల్లు సర్దుకోకముందే కొత్త సామాను బేరమాడినట్టయింది.

ఇప్పుడు మన కడప. ఈ విషయంలో కడప చూసినన్ని ఆశలు, అన్ని నిరాశలు ఇంకో ఊరు చూసి ఉండదు. 2015 జూన్ 7న కడప విమానాశ్రయం తెరుచుకుంది. ఆ రోజే ఎయిర్ పెగాసస్ ఏటీఆర్ విమానం బెంగళూరు నుంచి దిగింది. ఏడాది తిరిగేసరికి ఆ సంస్థ ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఉడాన్ పథకాన్ని ప్రారంభించినప్పుడు, అదే రోజు మొదలైన మార్గాల్లో కడప–హైదరాబాద్ ఒకటి. ఈసారి మన హైదరాబాద్ సంస్థే, ట్రూజెట్. సగం సీట్లకు గంట ప్రయాణానికి 2,500 రూపాయలని పరిమితి పెట్టారు. మా బంధువుల్లో విమానం ఎక్కనివాళ్లు కూడా ఆ ఏడాది ఎక్కారు, కొందరు ఊరికే హైదరాబాద్ పోయి తిరిగొచ్చారు. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ కూడా ఆగింది. ఆ తర్వాతి నెల, మార్చి 27న, ఇండిగో వచ్చింది.

ఇండిగో ఎలా వచ్చింది? అదీ ఏ320లు తప్ప ఇంకోటి వద్దని భీష్మించుకున్న సంస్థే. 2017లో మనసు మార్చుకుని 50 ఏటీఆర్ 72లు ఆర్డర్ చేసింది. వాటిలో మొదటిది 2017 డిసెంబరు 21న హైదరాబాద్ నుంచి మంగళూరుకు ఎగిరింది. ఆ నిర్ణయమే లేకపోతే ఈరోజు కడపకు, ఓర్వకల్లులోని కర్నూలు విమానాశ్రయానికి ఇండిగో పేరు వినపడేది కాదు. 78 సీట్ల విమానం, రెక్కలకు పంకాలు, జెట్ కాదు. మా పెద్దమ్మ దాన్ని చూసి ‘ఇదేందిరా, ఫ్యాన్లు బయట పెట్టినారు’ అంది.

ఏటీఆర్ ఎగిరేది సుమారు పదిహేను వందల కిలోమీటర్లు. కువైట్ నుంచి తిరుపతి ఆకాశమార్గంలోనే సుమారు 3,700. కాబట్టి అది మనకు ఆఖరి మెట్టు మాత్రమే. ఆ మెట్టు వాడుకునేవాళ్లకు ఒకటి రెండు మాటలు. కువైట్–హైదరాబాద్, హైదరాబాద్–కడప ఒకే టికెట్‌గా కొనండి. విడివిడిగా కొంటే దేశీయ విమానంలో 15 కిలోలకే అనుమతి, మీ చేతిలో గల్ఫ్ సామాను 30 కిలోలు ఉంటుంది. మిగతా బరువుకు కౌంటర్ దగ్గర కట్టే డబ్బుతో ఇంకో టికెట్ వస్తుంది. ఒకే టికెట్ అయినా హైదరాబాద్‌లో ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తిచేసి, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. రెండు విమానాల మధ్య కనీసం మూడు, నాలుగు గంటలు ఉంచుకోండి. ఏటీఆర్‌లో తల మీద అరలు చిన్నవి, చేతిలో మోసే ట్రాలీ అందులో దూరదు. కడపకు ఏ రోజు విమానం ఉందో చూసుకున్నాకే కువైట్ టికెట్ తేదీ వేసుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి హైదరాబాద్‌లో లాడ్జి వెతుక్కుంటున్నారు.

అసలు ప్రశ్న అది కాదు. ఎంబ్రాయర్ ఈ2, ఎయిర్‌బస్ ఏ220 వంటి చిన్న జెట్లు ఐదువేల కిలోమీటర్ల చుట్టుపక్కల ఆగకుండా ఎగురుతాయి. కువైట్–తిరుపతి వాటి అందుబాటులోనే ఉంది. మరి ఎవరు నడపాలి?

ఇక్కడే మనవాళ్లలో చాలామందికి తెలియని ముడి ఉంది. కువైట్ సంస్థ తనకు ఇష్టమొచ్చిన మన ఊరికి రాలేదు. రెండు దేశాల ఒప్పందంలో ఏ ఊళ్లు రాసి ఉన్నాయో అక్కడికే రావాలి. ఆగ్నేయాసియా సంస్థలకు విశాఖతో సహా 18 ఊళ్లకు తలుపు తెరిచారు. గల్ఫ్ సంస్థలకు అలాంటి వెసులుబాటు లేదు. మన దేశపు సంస్థలకు ఈ చిక్కు లేదు, సదుపాయాలున్న ఏ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచైనా బయల్దేరవచ్చు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 2023లో విజయవాడ నుంచి కువైట్‌కు వారానికి ఒక విమానం మొదలుపెట్టగలిగింది అందుకే.

రెండో ముడి సీట్ల లెక్క. భారత్, కువైట్ మధ్య వారానికి చెరి 12,000 సీట్లని 2007లో అనుకున్నారు. ఇక్కడ భారతీయుల సంఖ్య పది లక్షలకు చేరినా ఆ అంకె కదలలేదు. 18 ఏళ్ల తర్వాత, 2025 జులైలో, 18,000కు పెంచారు. 180 సీట్ల విమానాలైతే వారానికి వంద. కొత్తగా వచ్చిన ఆరువేల సీట్లూ మళ్లీ ఢిల్లీ, ముంబై, కొచ్చిలకే పోతాయా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న. 120 సీట్ల చిన్న జెట్ రోజుకొకటి తిరుపతికి నడిపితే వారానికి 840 సీట్లు. పద్దెనిమిది వేలలో ఇది నూటికి ఐదు కూడా కాదు.

చిక్కులు లేవని కాదు. మన ప్రయాణం ఒకవైపు నిండుతుంది, ఇంకోవైపు వెలితిగా ఉంటుంది. జూన్‌లో బడులు మూసేసరికి కువైట్ నుంచి పోయేవాళ్లు కిక్కిరిసిపోతారు, అదే విమానం తిరిగొచ్చేటప్పుడు సగం ఖాళీ. సెప్టెంబరులో దీనికి తలకిందులు. పైగా ఎండ. 2016 జులైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. గాలి అంత వేడెక్కితే పలచబడుతుంది, విమానం పైకి లేవడానికి ఎక్కువ కష్టపడాలి, బరువు తగ్గించుకోవాల్సి రావచ్చు. మనవాళ్లేమో దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, ఖర్జూరం, ఆలివ్ నూనెతో అనుమతించిన 30 కిలోలకు ఒక్క గ్రాము తగ్గకుండా కట్టుకొస్తారు. ఇంజిన్ల బెడద ఇంకోటి. ఈ కొత్త చిన్న జెట్లకు ఉన్నవి ప్రాట్ అండ్ విట్నీ వారి కొత్తరకం ఇంజిన్లు. ఆ కుటుంబానికే చెందిన ఇంజిన్ల సమస్యలనే కారణంగా చూపుతూ 2023 మేలో గో ఫస్ట్ మూతపడింది. కన్నూరు–కువైట్ విమానం నడిపిన సంస్థ అది.

ఇంకో మాట కూడా చెప్పాలి. చిన్న విమానం వస్తే టికెట్ తగ్గుతుందని అనుకోవద్దు. సీటు ఖర్చు ఎక్కువ కాబట్టి పది, పదిహేను దీనార్లు ఎక్కువే ఉన్నా నేను ఆశ్చర్యపోను. కానీ చెన్నైలో దిగి రాజంపేటకు కారు మాట్లాడుకుంటే ఐదారు వేల రూపాయలు. తోడు రావడానికి ఊరి నుంచి ఇద్దరు పనులు మానుకుని వస్తారు, వాళ్ల భోజనం, వాళ్ల కూలి. అర్ధరాత్రి దిగిన ఒంటరి ఆడమనిషికి తెల్లారేదాకా ఎయిర్‌పోర్టు బయట కాపలా. ఇవన్నీ టికెట్ ధరలో కనిపించని డబ్బులు.

డబ్బుతో కొలవలేనిది ఒకటి ఉంది. పోయిన చలికాలంలో కోడూరు వైపు అక్క ఒకామె రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. నాన్న పోయాడు. ఆమె పనిచేసే ఇంటి మామా మంచిది, నిమిషం ఆలస్యం చేయకుండా పాస్‌పోర్టు, టికెట్ డబ్బులు చేతిలో పెట్టింది. నేను టికెట్ తీశాను. డ్రైవర్ తమ్ముడొకడు ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయాడు. కువైట్ నుంచి చెన్నైకి అంతా గడియారంలా జరిగింది. ఊళ్లో అన్నదమ్ములు మధ్యాహ్నం దాకా శవాన్ని ఉంచారు. ఆ తర్వాత ఉంచలేకపోయారు. ఆమె చేరేసరికి శ్మశానం నుంచి అందరూ స్నానాలు చేసి తిరిగొస్తున్నారు. ‘విమానంలో ఐదు గంటలు ఏడుపు రాలేదన్నా. పుత్తూరు కాడ రోడ్డు పనులని కారు ఆపినారు చూడు, అప్పుడొచ్చింది’ అని తర్వాత చెప్పింది. తిరుపతిలో దిగి ఉంటే కోడూరు గంటంబావు.

పోయినవాళ్లు ఇక్కడివాళ్లయితే ఇదే దారి పెట్టెలో. చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో దింపుతారు. ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా ఉచితంగా అంబులెన్స్ ఏర్పాటు చేస్తోంది, ఆ సాయం చిన్నది కాదు. కానీ అంబులెన్స్ కూడా అదే రోడ్డు మీద పోవాలి.

ఇండిగో మరో వంద దాకా చిన్న విమానాల కోసం ఏటీఆర్, ఎయిర్‌బస్, ఎంబ్రాయర్ మూడింటితోనూ మాట్లాడుతోందని 2024లో వార్తలొచ్చాయి. ఆ బేరం జెట్ల వైపు మొగ్గితే మనకు పనికొస్తుంది, పంకాల వైపు మొగ్గితే కడప–చెన్నై మధ్య ఇంకో ట్రిప్పు పెరుగుతుంది, అంతే. నా చూపు కువైట్ సంస్థల మీద లేదు, ఊళ్ల పట్టీ మారనిదే వాళ్లు తిరుపతి రాలేరు. చిన్న జెట్ కొనే భారతీయ సంస్థ ఏదైనా సరే, దాని మీద ఉంది.

విమాన సంస్థలు అడిగే మొదటి ప్రశ్న ‘మనుషులు ఉన్నారా?’ అని. చెన్నైలో దిగినవాళ్లంతా వాళ్ల కాగితాల్లో చెన్నై ప్రయాణికులే. కోడూరు పేరు ఎక్కడా పడదు. అందుకే కొన్నాళ్లుగా నేను టికెట్ తీసిన ప్రతివాళ్లనీ ఇంటి చిరునామా, దిగాక ఎక్కిన బండి, ఇల్లు చేరిన టైము అడిగి ఒక నోటుబుక్కులో రాసిపెడుతున్నాను. మీరూ మీ రూముల్లో, మీ సంఘాల్లో రాసిపెట్టండి. మొన్న శుక్రవారం రాసినవి ఇవి: చెన్నై నుంచి ఓబులవారిపల్లె, కారు, నాలుగున్నర గంటలు. బెంగళూరు నుంచి రాయచోటి, బస్సు, ఆరు గంటలు. హైదరాబాద్ నుంచి పులివెందుల, రాత్రి బస్సు, తెల్లారి ఆరున్నరకు.